తిత్తి ఆగకూడదు

ఉత్తర ఐరోపాలోని నార్స్ పురాణాల్లో దేవతలకు బలం ఉంది గానీ, వాళ్ల పేరుపొందిన ఆయుధాలు వేరేవాళ్ల చేతి పని. ఓడిన్ చేతి ఈటె, థార్ చేతి సుత్తి, రెండూ భూమి లోపల బతికే మరుగుజ్జు కమ్మరులు చేసిచ్చినవే. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టర్లూసన్ కూర్చిన ఎడ్డాలో ఆ సుత్తి పుట్టిన కథ ఉంది. సింద్రి ఇనుమును కొలిమిలో పెట్టి, నేను బయటికి తీసేదాకా తిత్తి ఆపొద్దని సోదరుడు బ్రోక్‌కు చెప్పి వెళ్తాడు. వాళ్ల పనితనం మీద పందెం కాసిన ‘లోకి’ అనే మాయావి దేవుడు, ఓడిపోతానన్న భయంతో ఈగ రూపంలో వచ్చి బ్రోక్ కంటిరెప్ప మీద కుడతాడు. కంట్లోకి కారిన నెత్తురు తుడుచుకోవడానికి బ్రోక్ చేయి ఒక్క క్షణం తిత్తిని వదిలింది. అందుకే థార్ సుత్తికి పిడి పొట్టిదైంది.

ఈ కథ చెప్పినవాళ్లకు కొలిమి బాగా తెలుసు. అందులో మంత్రాలు చదివేవాళ్లెవరూ లేరు, ఉన్నదల్లా ఆగకుండా అందాల్సిన గాలి. అదే కథను తెలుగు నేల మీద నిజంగా నడిపినవాళ్లు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు. లాంబ్టన్ అనే ఆంగ్ల అధికారి నడిపిన భూసర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భశాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ వాళ్ల పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆ వివరం అచ్చయింది.

పని ఇలా సాగేది. బంకమట్టిలో వరి ఊక కలిపి మూసలు చేసేవారు. రెండు రకాల ఇనుమును లెక్క ప్రకారం కలిపి అందులో పెట్టి, మూత వేసి మట్టితో మూసేసేవారు. పొయ్యిలో బొగ్గుల మధ్య మూసలు పేర్చి, తోలు తిత్తులతో గాలి కొట్టేవారు. ఒక రోజంతా ఆ గాలి ఆగేది కాదు. లోపల రెండు రకాల ఇనుమూ కరిగి కలిసిపోయి ఉక్కయ్యేది. ఇక చల్లార్చడం. తొందరపడితే ముద్ద పెళుసవుతుంది. అందుకే ఆ ఉక్కు బిళ్లకు మట్టి పూసి మళ్లీ కాల్చి, నెమ్మదిగా చల్లబరిచేవారు. ఇదంతా అయ్యాకే సరుకు అమ్మకానికి వెళ్లేది. కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి కోనసముద్రం వచ్చేవారు.

ఈ రకం ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. ఇందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. మామూలు ఇనుమును కాల్చినట్టు తెల్లగా కాల్చి సమ్మెటతో కొడితే ముక్కలైపోతుంది. ఎర్రటి వేడి దాటనివ్వకుండా ఓపికగా సాగదీయాలి. ఐరోపా కమ్మరులు చాలాకాలం తడబడింది ఇక్కడే. మైకేల్ ఫారడే అంతటివాడు విద్యుత్తు వైపు మళ్లకముందు ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు.

ఉత్తర ఐరోపాలో వైకింగుల కాలంలో ఉల్ఫ్‌బెర్ట్ అన్న పేరు పొదిగి చేసిన కత్తుల్లో కొన్ని ఇలాంటి మూస ఉక్కువేనని లోహ పరీక్షలు సూచిస్తున్నాయి. ఆ ఉక్కు వోల్గా నది మీదుగా మధ్య ఆసియా నుంచి వెళ్లి ఉంటుందని పరిశోధకుల అంచనా. పక్కవాడి కత్తి వంగిపోయే చోట తన కత్తి నిలబడితే, దాన్ని మరుగుజ్జులు చేశారని నమ్మడంలో వింతేముంది?

ఆ మరుగుజ్జు కథల్లో తీర్ఫింగ్ అనే కత్తి కథ నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఒక రాజు ద్వాలిన్, దురిన్ అనే ఇద్దరు మరుగుజ్జులను పట్టుకుని, ప్రాణభయం పెట్టి కత్తి చేయించుకుంటాడు. తుప్పు పట్టదు, ఇనుమును గుడ్డలా కోస్తుంది. కానీ ఒరలోంచి దూసిన ప్రతిసారీ ఒక ప్రాణం తీయాలని వాళ్లు శపించి మరీ ఇస్తారు. పనితనం కావాలి, పనివాడు అక్కర్లేదు అన్న రాజుకు దక్కిన ఫలం అది. నా దృష్టిలో మరుగుజ్జు కథలన్నిటిలోకీ నిజమైన మాట ఇదే.

మరుగుజ్జులు మనకూ కొత్త కాదు. అమరావతి శిల్పాల్లో పొట్టి యక్షులు బరువైన పూలదండలు మోస్తూ కనిపిస్తారు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలోని భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు దొరికిన శాసనాల్లో కుబీరకుడనే రాజు పేరుంది. యక్షుల రాజు కుబేరుడి పేరే అది. అయితే మన యక్షులు నిధులకు కాపలా కాశారు, సుత్తి పట్టలేదు. సుత్తి మన ఊరి కమ్మరిది. కృష్ణా డెల్టాలో ఇనుప రాయి లేదు. బయటి నుంచి వచ్చిన ఇనుముతోనే అతను కొడవళ్లకు పదును పెట్టాడు, నాగలి కర్రు సాగదీశాడు, కళ్లంలో కూలిగా ధాన్యం మేర కొలిపించుకున్నాడు.

తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, కొడుకు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. ఆ విగ్రహాలు వాళ్ల పేరుతోనే దేశమంతా తిరుగుతున్నాయి. కోనసముద్రం కమ్మరులకు ఆ భాగ్యం దక్కలేదు. వాళ్ల ఉక్కుతో చేసిన కత్తుల కీర్తి డమాస్కస్ నగరం పేరుకు చేరింది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత కొలుముల జాడలు నమోదు చేశారు. చిట్టెం, విరిగిన మూసలు, అంతే మిగిలింది.

ఆ వైపు వెళ్తే చూసి రండి, కానీ ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకండి. చరిత్రకు అదే సాక్ష్యం. మీ ఊళ్లో తిత్తి పట్టిన పెద్దాయన ఇంకా ఉంటే, ఆయన దగ్గర కూర్చుని పని పద్ధతి రాసుకోండి. పైన ఆయన పేరు మాత్రం మరవకుండా రాయండి.