యంత్రం వచ్చింది, చీపురు చేయి మారలేదు

జంషెడ్‌పూర్‌లో యంత్రానికి కులం లేదంటారు. అందులో సగం నిజముంది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైంది. ఆ ఏడాదే ఎనిమిది గంటల పనిదినం అమలైంది. దేశంలోని కర్మాగారాలకు వారానికి 48 గంటల పరిమితి చట్టంగా వచ్చింది మాత్రం 1946లో, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు. యంత్రం ఒక్కటే శ్రామికుణ్ణి కాపాడదు, చట్టమూ కావాలి.

గాంధీజీ 1909లో 'హింద్ స్వరాజ్'లో యంత్రాన్ని పాపంగా చూశారు. 1936లో ఆదర్శ పాకీ మనిషి ఎలా ఉండాలో వ్యాసం రాశారు. ఈ గాంధీవాదాన్ని బాబాసాహెబ్ 1945లో ఎండగట్టారు. యంత్రం లేనిదే తీరిక లేదు, తీరిక లేనిదే సంస్కృతి లేదన్నారు. యంత్రంతో వచ్చే చెడుకు యంత్రం కారణం కాదని, సమాజ నిర్మాణమే కారణమని కూడా అన్నారు. మనలో చాలామంది ఈ రెండో మాట మరిచి, టెక్నాలజీ వస్తే కులం దానంతటదే పోతుందని నమ్ముతున్నారు.

కోలారు బంగారు గనులనే చూడండి. శివనసముద్రం నుంచి అక్కడికి 1902లోనే కరెంటు వచ్చింది. గనిలోకి యంత్రాలు దిగాయి. కార్మికుల కాలనీల్లో పొడి మరుగుదొడ్లను మాత్రం దశాబ్దాలపాటు మన తెలుగు దళితులే చేతులతో శుభ్రం చేశారు. సఫాయి కర్మచారి ఆందోళన్ బెజవాడ విల్సన్ అలాంటి కుటుంబంలోనే పుట్టారు. కులం మనిషిని చవగ్గా అందిస్తున్నంత కాలం యంత్రం కొనాలన్న తొందర ఎవరికీ ఉండదు.

1993లో చట్టం పాకీ పనిని నిషేధించింది. ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది: 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలి. 2023లో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. చావుకు కట్టే ధర పెరిగింది గాని, మనుషులు దిగడం ఆగలేదు.

థేరగాథలోని సునీతుడు వాడిన పూలు ఊడ్చేవాడు. భగవానుడు అతని ఊడ్పును మెచ్చుకుని అక్కడే ఉంచలేదు, సంఘంలోకి పిలిచాడు. పనిని పొగడటం వేరు, మనిషిని విడిపించడం వేరు.

కనుక ఊరికి యంత్రం వచ్చిందని విని ఊరుకోవద్దు. దాన్ని ఎవరు నడుపుతున్నారు, కాంట్రాక్టరు ఇంకా ఎవరిని లోపలికి దించుతున్నాడు అని ప్రతి విహారం అడగాలి. రక్షణ లేకుండా మనిషిని దించడం 2013 చట్టం 7వ సెక్షన్ కింద నేరం. చూసినది రాసి జిల్లా మేజిస్ట్రేటుకు ఇవ్వండి. మన ధమ్మంలో సమ్యక్ ఆజీవమంటే ఇది కూడా.

జై భీమ్.