దేవుని ఏర్పాటు, మనుషుల ఏర్పాట్లు

ఎవరు రక్షణ పొందాలో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించేశాడా? లేక నమ్మడం, నమ్మకపోవడం మనిషి చేతిలో ఉందా? క్రైస్తవంలో ఇది పాత తగాదా. పండితుల గొడవ, మనకెందుకని వదిలేస్తుంటాం. అట్లా వదలకూడదంటున్నాం. ఈ సిద్ధాంతం ఎవరి చేతికి చిక్కి ఏం చేసిందో అదే దానికి అసలు పరీక్ష.

హాలెండులోని డోర్ట్ పట్టణంలో 1618-19లో జరిగిన మహాసభలో కాల్విన్ వారసులది పైచేయి అయింది. దేవుని ఏర్పాటుకు మనిషి మంచితనం గానీ, దేవుడు ముందే చూసిన విశ్వాసం గానీ కారణం కాదని, అది కేవలం కృప అని తీర్మానించారు. కాదన్న అర్మీనియస్ అనుయాయులను సభ నుంచి పంపేశారు. సుమారు 200 మంది బోధకుల కొలువులు పోయాయి.

ఈ తీర్మానం నిజానికి పుట్టుక గర్వాన్ని కూల్చాలి. యోగ్యతే లెక్కలోకి రానప్పుడు రంగుకీ రక్తానికీ విలువెక్కడిది? కానీ అదే సభ ముందుకు ఇంకో ప్రశ్న వచ్చింది. తూర్పు ఇండీస్‌లో డచ్చి ఇళ్లలో పెరిగే అన్యుల పిల్లలకు బాప్తిస్మం ఇవ్వొచ్చా? విశ్వాసుల పిల్లలు పుట్టుకతోనే ఒడంబడికలో ఉన్నారు. వీళ్లు మాత్రం బోధ పొంది ఒప్పుకునేదాకా ఆగాలని సభ తేల్చింది. కృప గుమ్మం దగ్గర పుట్టుక కాపలా కూర్చుంది.

డచ్చి కంపెనీ 1652లో దక్షిణాఫ్రికాలోని కేప్‌లో దిగింది. ఈ వేదాంతమూ వెంట వెళ్లింది. క్రైస్తవ బానిసలను అమ్మరాదని 1770లో కంపెనీ ఉత్తర్వు వచ్చింది. దాంతో యజమానులు బానిసలకు బాప్తిస్మం ఇప్పించడానికే వెనుకాడారు! 1857లో అక్కడి డచ్చి రిఫార్మ్‌డ్ చర్చి మహాసభ మరో తీర్మానం చేసింది. అన్యుల నుంచి వచ్చిన విశ్వాసులను ఉన్న సంఘంలోనే కలుపుకోవడం వాక్యానుసారమని ఒప్పుకుంది. అయినా కొందరి బలహీనత వల్ల వేరుగా ఆరాధన పెట్టుకోవచ్చంది. ఎవరిదా బలహీనత? పక్కన కూర్చోలేని తెల్లవాడిది. 1881కల్లా వేరు ఆరాధన వేరు చర్చే అయింది.

బోయర్లు మొదటినుంచీ తమను దేవుడు ఎన్నుకున్న జాతిగా నమ్మారనే కథను ఆంద్రె డు టోయిట్ 1983లో పరిశీలించాడు. తొలినాటి రికార్డుల్లో దానికి ఆధారం లేదని, తర్వాతి కాలంలో అల్లిందని చూపాడు. అంటే వేరు బల్ల ముందు, వేదాంతం తర్వాత.

మనకిది కొత్తా? బాధకు మతాలిచ్చిన పొందికైన జవాబుల్లో కర్మనీ, ఈ ముందస్తు నిర్ణయాన్నీ మాక్స్ వెబర్ పక్కపక్కనే పెట్టాడు. తేడా ఉంది. కర్మ బాధపడేవాడి మీదే నేరం మోపుతుంది, ఇది కారణమే చెప్పదు. కానీ అధికారం చేతిలో పడ్డాక రెండూ ఒకే పని చేస్తాయి: ఉన్న అన్యాయాన్ని ముందే రాసిపెట్టిన రాతగా చూపిస్తాయి. పేదల దుస్థితికి బాధ్యత నుంచి సమాజం తప్పించుకునే దారే పూర్వజన్మ కర్మ అని అంబేద్కర్ తన బుద్ధ ధమ్మ గ్రంథంలో ఎత్తిచూపింది ఇందుకే.

తిరగబడింది కూడా ఆ సంప్రదాయంలోంచే. 1982లో ఒట్టావాలో రిఫార్మ్‌డ్ చర్చిల ప్రపంచ సమాఖ్య కూడినప్పుడు అలాన్ బూసాక్, అతని సహచరులు తెల్ల ప్రతినిధులతో కలిసి ప్రభువు బల్ల తీసుకోమన్నారు. అపార్తీడ్ పాపమని, దాన్ని వేదాంతంతో సమర్థించడం దుర్బోధ అని సమాఖ్య ప్రకటించింది. తెల్ల చర్చిలు రెండింటి సభ్యత్వం నిలిపేసి, బూసాక్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అదే ఏడు రాసుకుని, 1986లో ఆమోదించుకున్న బెల్హార్ విశ్వాస ప్రకటన దేవుడు అన్యాయానికి గురైనవాళ్ల పక్షాన ఉంటాడంది. పేదలే కొత్త ఎన్నికైన జాతి అన్నట్టా ఇది? మాకు అట్లా కనబడదు. పరలోకం ఎవరికో బెల్హార్ లెక్క తీయదు. చర్చి ఎక్కడ నిలబడాలో చెబుతుంది. దాని బలం అక్కడుంది.

మన ఊళ్లలోనూ మాల చర్చి, మాదిగ చర్చి ఉన్నాయి. కొన్నిచోట్ల అగ్రకుల క్రైస్తవులకు సమాధుల తోట కూడా వేరే. అలాంటిచోట ఏర్పరచబడిన జనాంగమని ప్రసంగం వినబడితే నిలబడి అడుగుదాం: అయ్యగారూ, ఇది దేవుని ఏర్పాటా, మీరు చేసుకున్న ఏర్పాటా?