ఎల్లోరా గుహాలయాలు: సంఖ్యాక్రమం – కాలక్రమం

ఎల్లోరాలోని 34 ప్రధాన గుహలకు దక్షిణం నుంచి ఉత్తరానికి వరుసగా సంఖ్యలు వేశారు. 1 నుంచి 12 వరకు బౌద్ధ గుహలు, 29 వరకు హైందవ గుహలు, చివరి ఐదూ జైన గుహలు. ఈ వరుస స్థల సూచిక మాత్రమే. అయినా బౌద్ధం క్షీణించాక హైందవం, దాని వెనుక జైనం ఈ కొండను చేరాయన్న కథనానికి ఈ సంఖ్యలే ఊతమయ్యాయి.

వాల్టర్ స్పింక్, జెరి మలాండ్రా వంటి పరిశోధకుల కాలనిర్ణయం ఈ కథనాన్ని తలకిందులు చేసింది. 21వ గుహ రామేశ్వరం, 29వ గుహ ధుమార్ లేణ వంటి తొలి శైవ గుహలు 6వ శతాబ్దినాటికే రూపుదిద్దుకొన్నాయనీ, బౌద్ధ గుహలు చాలావరకు 7, 8 శతాబ్దులకు చెందినవనీ వారి అభిప్రాయం. శాసనాధారాలు స్వల్పం కనుక ఈ నిర్ణయం స్తంభాల తీరు, ప్రతిమాలక్షణం, గుహావిన్యాసాల మీదనే ప్రధానంగా ఆధారపడింది. దశాబ్దాల లెక్కలో భేదాభిప్రాయాలకు తావుంది; సంఖ్యాక్రమాన్నే కాలక్రమంగా చదవడానికి మాత్రం లేదు.

ఆ వరుసను తోసిపుచ్చిన వెంటనే 'సర్వమత సామరస్యం' అన్న మాటను ఆశ్రయించడం కూడా తొందరపాటే. పక్కపక్కన ఉండడం పరస్పర గౌరవానికి సాక్ష్యం కాజాలదు. రాయి గట్టిగా చెప్పేది శిల్పుల గురించి. 10వ గుహలో వంపు తిరిగిన కప్పుకు కొయ్యవాసాలను రాతిలో చెక్కారు. ఏ బరువూ మోయని వాసాలవి. స్థానికులు దానిని వడ్రంగి గుడిసెగా పిలుచుకోవడం పండితుల వర్ణన కన్నా సూటిగా ఉంది. దంతిదుర్గుని శాసనమున్న 15వ గుహ విన్యాసం బౌద్ధ విహారాన్ని తలపిస్తుంది. అది మొదట విహారంగానే ఆరంభమైందని కొందరి వాదన. రాష్ట్రకూట మొదటి కృష్ణుని కాలానికి చెందిన కైలాసాలయాన్ని కొండ పైనుంచి కిందికి తొలిచారు. 30వ సంఖ్య గల జైనాలయం దానికే చిన్న నమూనా. 'ఛోటా కైలాస్' అన్న పేరు అందుకే వచ్చింది. దేవతలు మారినా పనితనం చేతులు మారుతూ కొనసాగిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అరుదు.

తెలుగునాట ఉండవల్లి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నాలుగంతస్తుల ఆ గుహలో అనంతశయనమూర్తి వైష్ణవాన్ని చాటుతున్నాడు. మొత్తం కట్టడం తొలుత బౌద్ధ విహారమేనన్న వాదన ఆకార సాదృశ్యం మీద నిలిచినంతవరకు దానిని ఊహగానే పరిగణించాలి. 15వ గుహకు వర్తించే ప్రమాణమే ఇక్కడా వర్తిస్తుంది: విన్యాసం ఎవరి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, అక్కడ ఎవరు ఆరాధించారన్నది వేరొక ప్రశ్న.