మాగిందా, ముక్కిందా?

కాలం పదార్థాల మీద చేసే పనిని తెలుగు ఒక్క మాటతో సరిపెట్టదు: గడ్డిలో పెట్టిన మామిడి మాగుతుంది, జాడీలో ఆవకాయ ఊరుతుంది, రుబ్బిన పిండి పులుస్తుంది, తేమ తగిలిన బియ్యం ముక్కిపోతాయి. మొదటి మూడూ కోరుకొనే మార్పులు, చివరిది చెడిపోవడం. ఈ తేడాను చెరిపేసి, పాతది కావడమే గొప్పతనమనుకోవడం పొరపాటని ఈ శీర్షిక ఎన్నోసార్లు వాదించిన సంగతి నిత్యపాఠకులకు తెలుసు. నేలమాళిగలో ఇరవై ఏళ్లు ఉన్నది కనుక ఆ బీరు మంచిదే అయి తీరాలన్న మాట ఈ వారం మళ్ళీ వినిపించినందువల్ల ఆ వాదాన్ని మరోసారి పరీక్షించవలసి వచ్చింది.

బీర్లలో అత్యధిక భాగం తాజాగా తాగవలసినవే. చల్లని ఉష్ణోగ్రతలో పులియబెట్టి తయారుచేసే లేత రంగు లాగర్ నెలలు గడిచేకొద్దీ హాప్ పువ్వుల పరిమళాన్ని కోల్పోతుంది. ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం బయటపడి తడిసిన అట్టముక్క వాసన వేస్తుంది. దీనికి ముక్కిపోవడం తప్ప మరో పేరు లేదు.

అయితే దాచడానికే కాచిన బీర్లు కొన్ని ఉన్నాయి. నవలాకారుడు థామస్ హార్డీ మరణించి నలభై ఏళ్లయిన సందర్భంగా 1968లో ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్‌లో ఎల్‌డ్రిడ్జ్ పోప్ సంస్థ తయారుచేసిన ‘థామస్ హార్డీస్ ఏల్’ వాటిలో ప్రసిద్ధమైనది. ఇది బార్లీ వైన్, అంటే బార్లీ మాల్టుతోనే చేసినా ద్రాక్షసారాయంత బలం గల బీరు. అందులో ఆల్కహాలు 12 శాతం దరిదాపుల్లో ఉండేది, సీసాలో పాతికేళ్లు నిలుస్తుందని తయారీదారులే చెప్పేవారు. లండన్‌లోని ఫుల్లర్స్ 1997 నుంచి ఏటా ఒక ‘వింటేజ్ ఏల్’ విడుదల చేయడం వల్ల, వేర్వేరు సంవత్సరాల సీసాలను వరుసగా పెట్టి రుచి చూసే పద్ధతికి, అంటే ‘వర్టికల్ టేస్టింగ్’కు, మంచి అవకాశం ఏర్పడింది. అటువంటి వరుసలో హాప్ చేదు ఏటికేడు తగ్గుతూ పోగా, మాల్టు తీపి ముందుకు వచ్చి, ఎండుద్రాక్ష, అంజీరు, షెర్రీ మద్యం వంటి రుచులు క్రమంగా తేలుతాయి. సీసా అడుగున మిగిలిన ఈస్టు మొదట్లో ప్రాణవాయువును కొంత పీల్చుకొని బీరును కాపాడుతుంది. చాలా ఏళ్లకు అదే ఈస్టు చచ్చి కరిగి, సోయా సాస్‌ను తలపించే రుచిని తెచ్చిపెడుతుంది. అందుకే ఇటువంటి సీసాను నిలువుగా, చీకటిలో, పది పన్నెండు డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు, మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచుతారు.

ఇంతవరకు చూస్తే గీత స్పష్టంగానే ఉన్నట్టు తోస్తుంది: లాగర్ ముక్కిపోతుంది, బార్లీ వైన్ మాగుతుంది. కాని రసాయనశాస్త్రం ఈ గీతను ఒప్పుకోదు. రసికులు మెచ్చే ఆ షెర్రీ వాసనకు మూలం, లాగర్‌ను పాడుచేసే ఆక్సీకరణమే, అంటే ప్రాణవాయువు తెచ్చే మార్పే. సీసా మూత సందుల్లోంచి చొరబడే ప్రాణవాయువు రెండు చోట్లా పనిచేస్తుంది, పలుచని ద్రవంలో ఆ మార్పు దాగడానికి చోటు లేక లోపంగా బయటపడుతుంది, చిక్కని మాల్టులో మిగిలిన రుచులతో కలిసిపోతుంది. 1904లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ అనే శాస్త్రవేత్త ఇటువంటి విషయాన్నే మరో కోణంలో చూపాడు. పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచే ఇంగ్లిష్ స్టాక్ ఏల్‌కు దాని ప్రత్యేకమైన రుచిని ఇచ్చేది ఒక ఈస్టు అని గుర్తించి, ‘బ్రిటిష్ శిలీంధ్రం’ అనే అర్థంలో దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. తోలునూ, గుర్రపు జీనునూ తలపించే దాని వాసన లాగర్‌కు సోకితే మొత్తం పారబోయవలసిందే. బ్రసెల్స్ పరిసరాల్లో ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్ అనే పుల్లని బీర్లను కలిపి సీసాకెత్తే గూజ్ బీరుకు అదే ప్రాణం.

కాబట్టి ఈ శీర్షిక ఇన్నాళ్లూ పట్టుకున్న మాటను సవరించుకోవాలి. ముక్కడం ఒక పని, మాగడం వేరొక పని అని చెప్పడం ఈ బీర్ల విషయంలో చెల్లదు. ముక్కడాన్ని తట్టుకొని రుచిగా మలచుకోగల బలం కాచిన రోజునే ఆ బీరులో ఉండాలి, లేనప్పుడు నేలమాళిగ ఎంత చల్లగా ఉన్నా దానిని ఇవ్వలేదు.