మామయ్య గ్లాసు

ఈ వారం కాలమిస్టుకు చిరాకు తెప్పించింది స్టీలు గ్లాసులో నానుతున్న పళ్లసెట్టు. అది మేనత్తది. చేయించి నాలుగు నెలలైనా కాలేదు. ఇంటిల్లిపాదీ పెసరట్లు తింటుంటే ఆవిడ సెట్టు తీసేసి చారన్నం మెత్తగా పిసుక్కుంటోంది.

"పెట్టుకోవేం అత్తయ్యా?"

"అది కరిచేది పెసరట్టుని కాదురా, నన్ను."

కొలత సరిగ్గా తీస్తే రెండోసారి పని ఉండదన్నది ఈ కాలమ్ పాత పాటే. దర్జీల్నీ వడ్రంగుల్నీ ఈ విషయంలో చాలాసార్లు చెరిగేశాడు. ఈసారి వంతు డెంటిస్టుదని అత్తయ్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

డాక్టరు కింది చిగురు మీద వేలు పెట్టి నొక్కారు. ముందు భాగం అటూ ఇటూ కదిలింది. అక్కడ లోపల ఎముక అరిగిపోయి, పైన వదులు కండ మిగిలింది. కొలత తీసేటప్పుడు దాన్ని నొక్కితే అణుగుతుంది, తర్వాత మళ్లీ లేచి సెట్టును పైకి తోసేస్తుంది. పళ్లు పీకించాక దవడ ఎముక మొదటి ఏడాది బాగా అరుగుతుంది, ఆపైన నెమ్మదిగా, కానీ ఆగదు. కింది దవడ అరుగుదల పైదానికి దాదాపు నాలుగింతలు. పై సెట్టుకు అంగిలి ఆసరా ఉంది, ఉమ్మి పట్టు ఉంది. కిందిది గుర్రపు లాడంలా ఉంటుంది, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది.

అమెరికా అధ్యక్షుడికే తప్పలేదు ఈ బాధ. 1789లో ప్రమాణం చేసేనాటికి జార్జి వాషింగ్టన్ నోట్లో మిగిలింది ఒక్క పన్ను. అందరూ అనుకునే చెక్కపళ్లు కావవి. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్లు, స్ప్రింగులు కలిపి చేసిన సెట్లు. పెదాలు వాచినట్టు ముందుకొస్తున్నాయని 1797లో ఆయన తన డెంటిస్టు జాన్ గ్రీన్‌వుడ్‌కు ఉత్తరం రాశాడు.

అత్తయ్యకు చిగుళ్ల జబ్బుతో ఎముక ముందే సగం కరిగింది. పీకించాక చిగుళ్లు బాగా మానేదాకా, ఇంకొన్నాళ్లు ఆగమని అప్పట్లోనే అన్నారు డాక్టరు. మనవడి పెళ్లి ఫొటోల్లో బోసినోరు బాగుండదని తొందరపెట్టిందెవరు? ఈ కాలమిస్టే. ఆనాటి కొలత ఆనాటి చిగురుకు సరిపోయిందే. చొక్కా కుట్టాక భుజం అరిగిపోతే దర్జీ ఏం చేస్తాడు?

ఒరుసుకుని పుండు పడ్డ చోట సెట్టును కాస్త అరగదీసి, లోపల మెత్తటి పూత వేసి పంపారు. పుండు మానాక, వదులు కండను నొక్కకుండా మళ్లీ కొలత. అప్పటిదాకా చిగుళ్లకు విశ్రాంతి కావాలి, రాత్రిళ్లు సెట్టు నీళ్లలోనే ఉండాలి అన్నారు.

"విన్నావా?" అంది అత్తయ్య. "గ్లాసు మాత్రం వేరేది కొనుక్కురా. అది మీ మామయ్య మజ్జిగ తాగేది."