వంకర అక్షరం ఉండనివ్వండి

పెద్దవాళ్లు పలక మీద రాసిచ్చిన ‘అ’ మీదే బలపం తిప్పించడం మన దగ్గర చదువుకు శ్రీకారం. బాసరలో అక్షరాభ్యాసం అయిన పిల్లలైనా, హనుమకొండలో సాయంత్రాలు నా దగ్గర కూర్చునే పిల్లలైనా దిద్దడంతోనే మొదలు. మొదలుపెట్టడానికి అది మంచిదే. అక్కడే ఎక్కువ రోజులు ఆపకూడదన్నది మాత్రం మెదడు గురించి చదివాక నాకు గట్టిపడిన అభిప్రాయం.

మాట మనిషికి వింటూ వింటూనే అబ్బుతుంది. చదవడం అలా రాదు. లిపి పుట్టి 5 వేల ఏళ్ల పైచిలుకే. అంతలో చదవడానికంటూ మెదడులో వేరే భాగం ఏర్పడే వీల్లేదు. వస్తువులను, ముఖాలను గుర్తుపట్టే చోటులో, ఎడమవైపు వెనుక, కొంత భాగాన్ని చదువు తనకోసం మలుచుకుంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహాన్ వివరించారు.

అందులో చేతికి కూడా వాటా ఉంది. అమెరికాలో కేరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంకా చదవడం రాని 5 ఏళ్ల పిల్లలు కొన్ని అక్షరాలు సొంతంగా రాశారు, కొన్ని దిద్దారు, కొన్ని కీబోర్డు మీద కొట్టారు. తర్వాత వాటిని చూపిస్తూ స్కాన్ తీస్తే, సొంతంగా రాసినవాటికే చదువుకు పనికొచ్చే భాగాలు బాగా స్పందించాయి. రాసిన ప్రతిసారీ అక్షరం కొంచెం మారుతుంది. ఇన్ని రూపాలూ ఒకే అక్షరమని పట్టుకోవడానికి ఆ తేడాలే సాయపడతాయని వారి వివరణ.

ఇంగ్లిష్‌లో ఉన్నవి 26 అక్షరాలే. మన పిల్లల ముందున్నవి గుణింతాలు, ఒత్తులు. ద, థ, ధలను వేరు చేసేది ఒక చుక్క, ఒక గీత. ‘కై’లో గుర్తు సగం పైన, సగం కింద. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలు పట్టుబడటం 3, 4 తరగతుల దాకా సాగుతుందని తేలింది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 3వ తరగతి ముగిసేసరికి చదవడం రావాలంటోంది. లక్ష్యం సబబే. కానీ ఆ వయసు పిల్ల ‘కృ’ దగ్గర ఆగితే మొద్దు అనకండి.

మా వరంగల్ 2022లో యునెస్కో అభ్యసన నగరాల కూటమిలో చేరింది. అంత పెద్ద పేరుకు నా వంతు చిన్న పని. ఒకటి రెండు సార్లు దిద్దించి, నేను రాసింది తుడిచేస్తాను. పైకి పలుకుతూ, చూడకుండా రాయమంటాను. వంకరగా వచ్చినా ఏ అక్షరమో తెలిస్తే ఉంచేస్తాను. తర్వాత అదే అక్షరాన్ని పుస్తకంలో, కిరాణా కొట్టు బోర్డు మీద, బస్సు ముందు రాసిన ఊరి పేరులో వెతకమంటాను.

‘రాత ఎప్పుడు కుదురుతది సారూ?’ అని తల్లులు అడుగుతుంటారు. చదువు కుదిరినంక, అంటాను.