‘అన్యులు’ – ‘పొరుగువాడు’: తెలుగు క్రైస్తవ వాఙ్మయంలో ఇతర విశ్వాసులు

ఏలూరును ఆనుకుని ఉన్న వట్లూరు మొదలు కొల్లేటి లంకల వరకు క్రైస్తవ కుటుంబాల నిత్యవ్యవహారంలో ‘అన్యులు’ అనే మాట వినిపిస్తుంది. ‘అన్యుల పెళ్ళి’, ‘అన్యుల పండుగ’, ‘వాళ్ళు అన్యులు కదా’ వంటి ప్రయోగాలలో ద్వేషం ఉండాలని లేదు. చాలాసార్లు అది ఒక గుర్తు మాత్రమే. అయితే ఆ మాట ఎవరిని సూచిస్తున్నదో గమనిస్తే చిక్కు అర్థమవుతుంది. గోడ అవతలి ఇంటివారు, కోడలి పుట్టింటివారు, ఒక్కొక్కప్పుడు సొంత మేనత్త కూడా ‘అన్యులే’. సామాన్యార్థంలో అన్యుడంటే పరాయివాడు. పరాయివారు కానివారిని ఆ మాటతో పిలిచే అలవాటును తెలుగు క్రైస్తవ వాఙ్మయం ఎంతవరకు మోసింది, ఎక్కడ దించివేసింది అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. క్రైస్తవులు ఇతర విశ్వాసుల పట్ల ఎలా మెలగుతారనే చర్చ మన దగ్గర ఎక్కువగా మతమార్పిడుల చుట్టూ, వివాదాల చుట్టూ తిరుగుతున్నది. పదజాలం మీద, సాహిత్యరూపాల మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

ఒక గ్రీకు పదం, రెండు తెలుగు పదాలు

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో, ఏమి తిందుమా ఏమి కట్టుకుందుమా అని ఆరాటపడేవారి ప్రస్తావన ఉంది. వాడుకలో ఉన్న తెలుగు బైబిలు వారిని ‘అన్యజనులు’ అంటుంది. అదే సువార్త చివరి అధ్యాయంలో, శిష్యులుగా చేయవలసినవారిని సూచించేచోట ‘సమస్త జనులు’ అంటుంది. గ్రీకు మూలంలో రెండుచోట్లా ఉన్నది ఒకే పదం, ‘ఎథ్నే’. దాని అర్థం జనసమూహాలు, జాతులు. దాని వెనుక ఉన్న హీబ్రూ పదం ‘గోయీమ్’ అర్థమూ జాతులే. యూదులు తమకు వెలుపలి జాతులను ఆ పేరుతో పిలిచారు. సందర్భాన్ని బట్టి అనువాదకులు ‘అన్య’ శబ్దాన్ని చేర్చడాన్ని తప్పనలేము. మూలంలోని తేడాను చూపడానికి వారికి మరో దారి కనిపించి ఉండదు.

ఆ మాట గ్రంథం నుంచి ఊళ్ళోకి వచ్చిన తర్వాత మాత్రం దాని దిక్కు మారింది. బైబిలు అర్థంలో అన్యజనుడంటే యూదుడు కానివాడు. ఆ లెక్కన గోదావరి, కృష్ణా డెల్టాలలో బాప్తిస్మం పొందిన ప్రతి మాల, మాదిగ కుటుంబమూ అన్యజనుల కుటుంబమే. పౌలు తాను అన్యజనులకు అపొస్తలుడినని చెప్పుకున్నాడు గనుకనే ఆయన లేఖలు వారికి చెందుతున్నాయి. తనను లోపలికి పిలిచిన పదాన్నే తెలుగు క్రైస్తవుడు పొరుగువాణ్ణి బయట నిలపడానికి వాడుకుంటున్నాడు. ఈ వైరుధ్యం ప్రసంగ పీఠం నుంచి వినిపించడం అరుదు.

ఇటువంటి గీత గీయడం క్రైస్తవంతోనే తెలుగులోకి వచ్చిందనుకోవడం సాహిత్యచరిత్రకు విరుద్ధం. పాల్కురికి సోమనాథుని కృతులలో వీరశైవేతరుడు ‘భవి’. భవితో పొత్తు, భవి ఇంట భోజనం, భవికి వందనం అన్నీ అక్కడ నిషేధాలే. ‘బసవపురాణం’ చదివిన విద్యార్థికి ‘అన్యులు’ అనే మాట కొత్తగా తోచదు. ఒకే దైవాన్ని పట్టుకున్న భక్తి తీవ్రమైనప్పుడు పక్కవాడికి ఒక పేరు పెట్టడం తెలుగు నేల మీద పాత సంగతే. ఆ పేరు కాలక్రమంలో ఏమవుతుందన్నదే గమనించవలసింది. ‘భవి’ నేడు నిఘంటువులోను, పాఠ్యపుస్తకంలోను మిగిలింది. ‘అన్యుడు’ ఇంకా వీధిలో తిరుగుతున్నాడు.

బైబిలులోనే ఈ మాటకు ఎదురుమాట ఉంది, ‘పొరుగువాడు’. లూకా సువార్త పదవ అధ్యాయంలో ఒక ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని యేసును అడుగుతాడు. సమాధానంగా వచ్చిన కథలో దారిలో గాయపడి పడి ఉన్నవాణ్ణి యాజకుడు, లేవీయుడు దాటిపోతారు. ఆగి కట్టు కట్టినవాడు సమరయుడు. యూదుల దృష్టిలో సమరయులు ఆరాధనాస్థలం విషయంలోనూ గ్రంథం విషయంలోనూ దారి తప్పినవారు. అంటే ఆ కథలో సాయం చేసినవాడు వేరు విశ్వాసానికి చెందినవాడు. తెలుగులో ‘మంచి సమరయుడు’ అనే పేరు ఆసుపత్రులకు, సేవాసంస్థలకు స్థిరపడేసరికి ఈ అంశం మాయమైంది. సమరయుడు దయగల మనిషిగా మాత్రమే మిగిలాడు. ఈ కథను డెల్టా పల్లెకు తెస్తే, ఆగినవాడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్ళి వస్తున్న మొక్కుబడిదారుడు కావాలి. దాటిపోయినవారు ఎవరో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

ప్రసాదం విషయమూ ఇంతే. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు విగ్రహార్పితాల గురించి దీర్ఘంగా చర్చించాడు. అర్పించినదని తెలిసి తినవద్దనే భాగం తెలుగు క్రైస్తవులలో చాలామందికి కంఠస్థం. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి, వడ్డించినదాన్ని ఆరా తీయకుండా తినమని అదే లేఖ పదవ అధ్యాయంలో ఉంది. ఆ వాక్యానికి అంత ప్రచారం లేదు. పౌలు దృష్టి పదార్థం కంటే పక్కన కూర్చున్నవాడి మనస్సాక్షి మీద ఎక్కువగా ఉన్నది. మన వాడుకలో చర్చ అంతా పళ్ళెంలోని లడ్డూ దగ్గర ఆగిపోయింది.

కీర్తన, కరపత్రం

తెలుగు క్రైస్తవ వాఙ్మయం ఇతర విశ్వాసాలను రెండు రూపాలలో ఎదుర్కొన్నది. మొదటిది స్వీకారం. 18వ శతాబ్దిలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను పద్యప్రబంధంగా రచించి దానికి ‘వేదాంత రసాయనము’ అని పేరు పెట్టాడు. వేదాంతమనే మాటను క్రీస్తు కథకు తొడగడంలో సాహసమూ ఉంది, నమ్మకమూ ఉంది. పాఠకుడు తనకు తెలిసిన వాకిలి గుండానే కొత్త ఇంట్లోకి రావాలని ఆ కవి కోరుకున్నాడు. అంతకు శతాబ్దం ముందు మధురలో రాబర్టో డి నోబిలి సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చి ఇదే పద్ధతిని ఆచరించాడు.

రెండవది ఖండనం. 19వ శతాబ్దపు మిషనరీ ముద్రణాలయాల నుంచి వెలువడిన కరపత్రాలు విగ్రహారాధనను, తీర్థయాత్రలను, కులాచారాలను తర్కించాయి. ఈ రెండు రూపాలూ ఒకే మనిషిలో కనిపించడం విశేషం. 1803లో పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి ‘కులాచార పరీక్ష’ వంటి వాదగ్రంథాలూ రాశాడు, శతకమూ రాశాడు, వందకు పైగా కీర్తనలూ రాశాడు. వాదగ్రంథాలను నేడు పరిశోధకులు తప్ప ఇతరులు తెరవరు. కీర్తనలు మాత్రం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనల’ పుస్తకంలో రాగతాళాల పేర్లతో సహా నిలిచాయి. ఆలయ ప్రాంగణాలలో, భజన మందిరాలలో పెరిగిన పల్లవి, అనుపల్లవి, చరణాలు ఆదివారపు ఆరాధనలో వినిపిస్తున్నాయి. మోక్షం, కృప, భక్తి, పాపం అన్నీ అంతకుముందే తెలుగు మతభాషలో ఉన్నవే. తనతో వాదించవలసినవాడి గొంతులోనే చౌదరి తన దేవుణ్ణి పాడాడు. అక్షరం రాని కూలి మనిషి దగ్గరకు చేరినది ఆ పాటే. కరపత్రానికి ఆ దారి దొరకలేదు.

ఇది కీర్తనల పక్షాన చెప్పదగిన మాటే గాని, సంగీతం అరువు తెచ్చుకున్నంత మాత్రాన పొరుగువాడి మీద గౌరవం కలుగుతుందనుకోవడం అమాయకత్వం. అరువిచ్చినవాణ్ణి మరచిపోవడం అంతకంటే సులువు. ఆ రాగాలను పాడే సంఘాలలోనే కొన్నిచోట్ల శాస్త్రీయ సంగీతం ‘అన్యుల’ సొత్తుగా తోచడం ఈ మరపుకు గుర్తు.

కథోలిక సంప్రదాయంలో స్థితి కొంత వేరు. 1965లో రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాల గురించి చేసిన ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటన, వాటిలోని సత్యాన్ని, పవిత్రతను తిరస్కరించకూడదని చెప్పింది. విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలలో హిందువులు తలనీలాలు ఇవ్వడం, కొబ్బరికాయలు కొట్టడం సాధారణ దృశ్యం. ఏలూరు మేత్రాసనంలోని గౌరీపట్నం నిర్మలగిరి పుణ్యక్షేత్రానికీ అన్ని మతాలవారు వెళతారు. అక్కడ కొబ్బరికాయ పట్టుకున్నవాణ్ణి ‘నీవు ఎవరివి’ అని గుమ్మంలో ఆపరు. ప్రొటెస్టెంటు సంఘాలు ఈ దృశ్యాన్ని విమర్శించడం తెలిసిందే. ఆ విమర్శకు సిద్ధాంతబలం ఉండవచ్చు. కొండ ఎక్కే ముసలమ్మ మొక్కుకు మాత్రం ఆ సిద్ధాంతంతో పనిలేదు.

ఎవరి విశ్వాసానికి మన్నన?

ఇతర విశ్వాసాన్ని గౌరవించడం ప్రతిసారీ ఉదారతే అవుతుందా? మచిలీపట్నం చరిత్ర ఈ ప్రశ్నను కఠినంగా అడుగుతుంది. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన 1841లో అక్కడికి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల తెరిచాడు. అగ్రవర్ణ హిందువుల పిల్లలను క్రీస్తు వైపు తిప్పడం అతని ఉద్దేశం. వారి పట్టింపులు దెబ్బతినకుండా ఉండేందుకు అంటరానివారి పిల్లలను ఆ బడిలోకి రానివ్వలేదు. విద్యార్థుల మతాచారానికి ఇచ్చిన ఆ మన్నన నిజానికి కులానికి ఇచ్చిన మన్నన. దాని మూల్యం చెల్లించినవారు ఆ తర్వాత డెల్టాలో క్రైస్తవ సంఘాలను నింపిన పల్లెలవారే. ఇతర మతస్థులతో సామరస్యం గురించి రాసే విమర్శకులు ఈ ఘట్టాన్ని దాటవేయకూడదు.

దళిత క్రైస్తవునికి ‘అన్యుడు’ అనే మాట ఎంత జటిలమో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తేటపరుస్తుంది. షెడ్యూల్డు కులాల గుర్తింపును ఆ ఉత్తర్వు హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. ఫలితంగా ధ్రువపత్రంలో హిందువుగా, ఆదివారం క్రైస్తవుడిగా బతికే కుటుంబాలు ఏర్పడ్డాయి. అటువంటి ఇంట్లో ఎవరు ఎవరిని అన్యులనాలి?

కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవల ఈ ప్రశ్నను కథాకథన పద్ధతితోనే ఎదుర్కొన్నది. 2000లో వెలువడిన ఈ నవలలో జ్ఞాపకాలను మోసేది క్రైస్తవ స్త్రీ రూతు. ఆమె చెప్పుకునేది తన భర్త రూబేను తాత ఎల్లన్న కథ. ఎల్లన్న క్రైస్తవుడు కాడు, ఆటపాటల మనిషి. మతం మారిన తరం తన పూర్వికుణ్ణి చీకటిలో ఉన్నవాడిగా కాక, పాట ఇచ్చినవాడిగా తలచుకోవడం ఈ నవల సాధించిన విషయం. సాక్ష్యాల సాహిత్యంలో ‘రక్షణకు ముందు’ కాలమంతా పాపకాలమే. రూతు జ్ఞాపకంలో మాత్రం ఆ కాలానికి ముఖమూ, పేరూ, గొంతూ ఉన్నాయి.

శివుని చెవి దగ్గర

ఈ చర్చకు కేంద్రంగా నిలవవలసిన కవి గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయన హిందూ పురాణ వస్తువులను స్వీకరించినందుకు తోటి క్రైస్తవులు నిరసించారు, సంఘం వెలివేసింది. మరోవైపు కులం పేరుతో సభలలో అవమానాలు ఎదురయ్యాయి. ఒకరికి విశ్వాసం చేత, మరొకరికి పుట్టుక చేత ఆయన అన్యుడయ్యాడు. పారశీక ముస్లిం కవి మీద ‘పిరదౌసి’, ఆ తర్వాత ‘గబ్బిలం’, చివరి దశలో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ ఒకే చేతి నుంచి వచ్చాయి. వీటిని వేర్వేరు అరలలో పెట్టి చదివే విమర్శ జాషువాను సగమే చూస్తుంది.

1941లో వెలువడిన ‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పూజారి లేని వేళ చూసి దేవుని చెవిలో చెప్పమన్నది అతని కోరిక. క్రైస్తవ కవి శివునికి ఎందుకు మొర పెట్టించాడన్న ప్రశ్నకు, అది హిందూ సంప్రదాయానికి లొంగుబాటని ఒక సమాధానం, ‘మేఘసందేశ’ అనుకరణలో వచ్చిన అనివార్యత అని మరొకటి. రెండూ చాలవు. క్రైస్తవ ఖండన సాహిత్యానికి ఇష్టమైన వాదం ఒకటుంది. విగ్రహానికి చెవులున్నా వినదని 115వ కీర్తన నుంచి తెచ్చుకున్న వాదమది. చిన్ననాటి నుంచి బైబిలు వాతావరణంలో పెరిగిన జాషువాకు ఇది తెలియదనుకోలేము. ఆయన సరిగ్గా ఆ చెవి దగ్గరకే గబ్బిలాన్ని పంపాడు. పొరుగువాడి దేవుణ్ణి రాయిగా కొట్టివేయడానికి బదులు, వినవలసినవాడిగా నిలబెట్టాడు. కొట్టివేసిన దేవుణ్ణి సంజాయిషీ అడగలేము, ఉన్నాడనుకున్నవాణ్ణే అడగగలము. కరపత్రం విగ్రహం దగ్గర ఆగిపోతే, ‘గబ్బిలం’ ఆ విగ్రహం పేరుతో తలుపు మూసినవారిని ఆ దేవుని ఎదుటే నిలదీసింది. ఇతర విశ్వాసంతో ఇంత గంభీరంగా మాట్లాడిన రచన తెలుగు క్రైస్తవుల నుంచి మరొకటి రాలేదు. దానిని రాసినవాణ్ణి సంఘం తనవాడు కాడన్నది.

జాషువా కుమార్తె హేమలత, నాస్తిక ఉద్యమకారుడు గోరా కుమారుడు లవణంను వివాహమాడారు. సాల్వేషన్ ఆర్మీ 1913లో నేరస్థ జాతులుగా ముద్రపడినవారి కోసం నెలకొల్పిన స్టూవర్టుపురంలో ఆ దంపతులు తర్వాతి కాలంలో సంస్కరణ కార్యక్రమం నడిపారు. క్రైస్తవ మిషనరీలు మొదలుపెట్టిన చోట ఒక క్రైస్తవ కవి కూతురు, దేవుణ్ణి నమ్మని ఇంటి కోడలిగా, పని చేసింది. అక్కడివారు ఆమెను అమ్మ అని పిలిచారు.